మీటరు వెనక మర

నాకు అనుమానం ఎక్కువ. ఇది నేను దాచుకునే గుణమేమీ కాదు, పెడనలో నాతో పనిచేసిన ఎవరిని అడిగినా చెబుతారు. అద్దకం పని చేసే ఇంట్లో పుట్టి, ఆ రంగుల మధ్యే పెరిగినదాన్ని. అద్దిన గుడ్డ చేతికి రాగానే ఒక మూల తడిపి, తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది, రంగు అంటుతోందో లేదో చూసుకున్నాకే మడత పెడతాను. నా చేత్తో నేను అద్దిన గుడ్డయినా సరే. కొబ్బరికాయ కొంటే చెవి దగ్గర మూడుసార్లు ఊపుతాను. తూకం వేస్తుంటే పళ్ళెం కింద ఏమైనా అంటించారేమోనని తిప్పి చూస్తాను. "అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు, నీలాంటిదాన్ని చూసే అని ఉంటారు" అని మా ఆయన నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఆ గుణం వల్లే నా అద్దకం షెడ్డు ఇన్నేళ్ళు నిలబడిందని గట్టిగా నమ్మేదాన్ని. నా వ్యాను మీటరు వెనక ఉండే ఒక ఇత్తడి మర ఆ నమ్మకాన్ని విరగ్గొట్టింది.

ఆ వ్యాను మా నాన్న ఆఖరి రోజుల్లో కొన్నది. అప్పటికే ఒకరు వాడిన పాత బండి. మేం అద్దిన దుప్పట్లు, సంచులు బందరు కొట్లకీ, గుడివాడకీ, మోపిదేవి గుడి దగ్గర అంగళ్ళకీ అందులోనే వెళ్ళేవి. దాన్ని నడిపేది బాబాయి. సొంత బాబాయి కాదు. మంగినపూడి దగ్గర పాలెంలో పుట్టి, వయసులో ఉండగా సముద్రం మీద వేటకు వెళ్ళి, నడుం దెబ్బతిన్నాక పడవ మానేసి స్టీరింగ్ పట్టుకున్న మనిషి. నాన్న ఉండగానే మా దగ్గర చేరాడు. నన్ను "అమ్మాయ్" అని పిలిచేవాడు. నాకు మనవడు పుట్టాక కూడా నేను ఆయనకి అమ్మాయినే.

బాబాయి బండి నడిపేటప్పుడు మీటరు చూసేవాడు కాదు. పక్క సీట్లో కూర్చుని "ఎంత స్పీడులో వెళ్తున్నాం బాబాయ్?" అని అడిగేదాన్ని. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా "నలభై" అనేవాడు. నేను మెడ చాచి చూస్తే ముల్లు సరిగ్గా నలభై మీదే ఉండేది.

"చెవికి తెలిసిపోద్దమ్మాయ్. ఇంజను పాట మారుద్ది. సముద్రం మీద మాకు మీటర్లున్నాయా ఏంటి?" అనేవాడు.

అయినా నాన్న పెట్టిన నియమం ఒకటి ఉండేది. డ్యాష్‌బోర్డు అరలో పొడుగు పుస్తకం ఒకటి, దారానికి కట్టిన పెన్ను. బయల్దేరేటప్పుడు మీటరులో ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో రాయాలి, చేరాక రాయాలి, తిరిగొచ్చాక రాయాలి. బాబాయి ఆ అంకెల్ని ముగ్గు వేసినంత శ్రద్ధగా గుండ్రంగా రాసేవాడు. నేను వారానికోసారి ఆ పుస్తకం చూసేదాన్ని. ఏళ్ళ తరబడి చూశాను, ఒక్క తప్పూ దొరకలేదు. నాలాంటిదానికి తప్పు దొరక్కపోవడం కూడా అనుమానమే.

ఆ అనుమానానికి నీళ్ళు పోసింది మా గుడివాడ అన్నయ్య. అంటే మా ఆడపడుచు భర్త. గుడివాడలో నాలుగు కార్లు పెట్టుకుని అద్దెకి తిప్పుతారు. ఒక ఆదివారం వాళ్ళింట్లో భోజనాల దగ్గర, పెరుగన్నం కలుపుకుంటూ అడిగారు.

"మీ ముసలాయనకి బండి అప్పగించేశావు గదా, కిలోమీటర్లు చూసుకుంటున్నావా?"

"పుస్తకం ఉందన్నయ్యా."

"పుస్తకం మీటరు చెప్పింది రాసుద్ది. మీటరు కేబులు చెప్పింది చెప్పుద్ది. కేబులు ఊడదీస్తే?"

ఆయన చెప్పేదాకా ఆ సంగతి నాకు తెలియదు. పాత బండ్లలో గేరుబాక్సు దగ్గర నుంచి ఒక కేబులు బయల్దేరి మీటరు వెనకదాకా వచ్చి, అక్కడ మరతో బిగిసి ఉంటుందట. చక్రాలు తిరిగితే అదీ తిరుగుతుంది, అది తిరిగితే ముల్లు లేస్తుంది, అంకెలు మారతాయి. దాన్ని ఊడదీస్తే బండి ఎంత దూరం వెళ్ళినా ముల్లు సున్నా మీదే కూర్చుంటుంది, అంకె కదలదు.

"బెజవాడ వెళ్ళొచ్చినా నీ పుస్తకంలో బండి షెడ్డులోనే ఉన్నట్టు" అన్నారు అన్నయ్య. "కొత్త కార్లలో ఆ ఆట సాగదమ్మా. వాటికి కేబులుండదు, సెన్సారు ఉంటది. మా డ్రైవరు ఒకడు తెలివి ఉపయోగించి ఆ వైరు పీకాడు. డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ తిరనాళ్ళలాగా వెలిగినియ్యి. స్టీరింగు రాయల్లే బిగుసుకుపోయింది. చెమటలు కక్కుకుంటా తెచ్చి నాకే అప్పజెప్పాడు. నీ పాత బండి నోరులేనిది. ఏం పీకినా కిక్కురుమనదు."

తిరుగు దారిలో గుడ్లవల్లేరు దాటేదాకా నేను మాట్లాడలేదు. బాబాయి నడుపుతున్నాడు. ముల్లు నలభై మీద ఉంది. "ఒంట్లో బాగాలేదా అమ్మాయ్?" అని అడిగాడు. ఎందుకంత ఆప్యాయంగా అడుగుతున్నాడా అనుకున్నాను.

ఆ వారం నుంచి నాకు అన్నీ కనబడటం మొదలయ్యాయి. పెట్రోలు ముందుకంటే తొందరగా అయిపోతున్నట్టు అనిపించింది. బందరు వెళ్ళినవాడు పావుగంట ఆలస్యంగా వచ్చాడు. డ్రైవరు సీటు కింద పట్టా మీద ఇసుక ఉంది. బాబాయి ఇల్లు సముద్రం పక్కన. ఆయన చెప్పులకి ఇసుక అంటుకుని రావడం నేను ఎరగనిదా? ఇన్నేళ్ళుగా ఆ ఇసుక మేమే ఊడుస్తున్నాం. కానీ ఆ వారం దాన్ని కాగితం మీద పోసి, కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను. బండిని మంగినపూడి బీచికి బాడుగలకి తిప్పుతున్నాడని ఆ చిటికెడు ఇసుకే నాకు చెప్పేసింది.

నేరుగా అడగొచ్చు. అడిగితే కాదంటాడు, ఆ తర్వాత జాగ్రత్త పడతాడు. అందుకని మా వృత్తిలోంచే ఒక ఉపాయం తీశాను. కేబులు వచ్చి మీటరుకి బిగిసే చోట మర ఉంటుందని అన్నయ్య చెప్పారుగా. ఆ మర మీద సగం, అది బిగిసే గొట్టం మీద సగం పడేలా రంగుతో ఒక గీత గీస్తే సరి. మరని ఎవరైనా తిప్పితే గీత రెండు ముక్కలవుతుంది. మళ్ళీ బిగించినా ఆ రెండు ముక్కలూ ఒకచోట కలవవు.

ఒక మధ్యాహ్నం బాబాయి అన్నం తిని షెడ్డు వెనక చాప మీద నడుం వాల్చాడు. నేను వ్యాను తలుపు తీసి, డ్రైవరు సీటు ముందు కాళ్ళు పెట్టుకునే చోట వెల్లకిలా దూరాను. ఆ వయసులో, ఆ శరీరంతో, చీర కుచ్చిళ్ళు బ్రేకు పెడలుకి పట్టుకుంటుంటే. నోట్లో టార్చి. ఒక చేతిలో మా ఆయన గడ్డం గీసుకునే అద్దం. తడుముకుంటూ పోతే మర దొరికింది. అసలు కేబులు ఉందో లేదో చూద్దామని ముందు దాన్ని విప్పాను. కేబులు కిందికి జారింది. దాని కొస పలకలుగా, నాలుగు అంచులతో అగ్గిపుల్ల తలకంటే చిన్నగా ఉంది. ఉంది గదా అని మళ్ళీ పైకి తోసి మర బిగించాను. రెండు చుట్లు తిరిగి ఆగింది. బిగిసిందనుకున్నాను.

తర్వాత సన్న పుల్లకి దూది చుట్టి, ఇనుపతుక్కూ బెల్లమూ వేసి కుండలో మగ్గబెట్టిన మా నల్లరంగులో ముంచి గీత గీశాను. చేతి వేళ్ళు ఆ పులిసిన బెల్లం వాసన వేస్తున్నాయి. బయటికొచ్చి చీర దులుపుకుని, ఏ పోలీసుకీ రాని తెలివి నాకొచ్చిందని మురిసిపోయాను.

మర్నాడు పొద్దున్నే బాబాయి మోపిదేవికి సరుకు వేసుకెళ్ళాడు. బందరు మీదుగా చల్లపల్లి, అక్కణ్ణుంచి మోపిదేవి. సాయంత్రం నాలుగింటికి వ్యాను షెడ్డు ముందు ఆగింది. బల్లల దగ్గర ఎనిమిది మంది పనివాళ్ళు అద్దుతున్నారు. బాబాయి దిగి, తువ్వాలు భుజాన వేసుకుని నా వైపు వచ్చాడు.

"అమ్మాయ్, మీటరు..." అన్నాడు.

మిగతా మాట నేను వినలేదు. అద్దం, టార్చి తీసుకుని వెళ్ళి వ్యానులో దూరాను. ముందు మీటరు చూశాను. పొద్దున బయల్దేరేటప్పుడు ఉన్న అంకే ఇప్పుడూ ఉంది. ఒక్క కిలోమీటరు కదల్లేదు. వెల్లకిలా పడుకుని అద్దంలో మర చూశాను. ఇత్తడి పచ్చగా మెరుస్తోంది. గీత లేదు. విరగడం కాదు, అసలు లేదు. తుడిచేశాడు!

అరలోంచి పుస్తకం తీసి చూస్తే, తిరగని మీటరుకి ఎదురుగా మోపిదేవి పోనూ రానూ కిలోమీటర్లు అదే గుండ్రటి రాతలో రాసి ఉన్నాయి.

పుస్తకం పట్టుకుని బయటికొచ్చాను. ఎప్పుడూ "నువ్వు" అనే ఆయన్ని "మీరు" అన్నాను.

"మీటరు తిరక్కుండా ఈ అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చినియ్యి డ్రైవరుగారూ?"

"రాళ్ళు చూసి రాశాను."

"రాళ్ళా!"

"రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళు. మోపిదేవి దాకా నాకు నోటికొచ్చు గదమ్మాయ్."

"కేబులు ఎవరు పీకారు?"

బల్లల మీద అచ్చుల చప్పుడు ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు. బాబాయి నా మొహం చూశాడు, నా చేతిలో అద్దం చూశాడు. చెయ్యి పైకెత్తి భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని చిన్నప్పటినుంచీ వింటున్నాను. కళ్ళారా చూడటం అదే మొదటిసారి అనుకున్నాను. ఆ మాట పైకి కూడా అనేశాను, పనివాళ్ళందరికీ వినబడేలా. ఎవరో ఒకరు నవ్వారు కూడా.

బాబాయి తాళాలు తీసి, ఆరబెట్టిన గుడ్డకి తగలకుండా బల్ల అంచు మీద పెట్టాడు.

"ఆయిలు మార్చే టైము దగ్గరకొచ్చిందమ్మాయ్. మర్చిపోబాక" అని చెప్పి బస్టాండు వైపు నడిచాడు.

పోతూ పోతూ నాటకం ఒకటి, అని పళ్ళు కొరికాను.

మా ఆయన ఆ రాత్రి అన్నం తింటూ ఒకే మాట అన్నారు. "పీకినవాడు పీకినట్టే తెచ్చి నీ ముందు పెడతాడా?" నాకు ఒళ్ళు మండింది. దొంగని వెనకేసుకొస్తున్నారా అని ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు.

ఆ తర్వాత నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. కేబులు మళ్ళీ పెట్టించలేదు. సాక్ష్యం చెదరకూడదు గదా! ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ వ్యాను దగ్గరికి తీసుకెళ్ళి ఆగిపోయిన మీటరు చూపించాను. బందరు కొట్లవాళ్ళకి చెప్పాను. మోపిదేవి అంగళ్ళకి ఫోన్లు చేసి చెప్పాను. బందరులో వ్యాన్లు నిలబడే చోటికి ఆ మాట నాకంటే ముందే చేరింది. బాబాయి అక్కడికెళ్ళి పని అడిగితే "మీటర్లు పీకే పెద్దాయనా?" అన్నారట. ఎవరూ తాళం చేతికివ్వలేదట. ఆ కబురు విని తగిన శాస్తి జరిగిందనుకున్నాను.

కొత్త డ్రైవరుని పెట్టుకున్నాను. గుడ్లవల్లేరు మనిషి, బుద్ధిమంతుడు, ఏది చేసినా అడిగి చేస్తాడు. అయితే బాబాయి చెవి ఇతనికి లేదు. ముల్లు సున్నా మీద పడుకుని ఉంటే ఎంత వేగంగా వెళ్తున్నాడో అతనికే తెలిసేది కాదు. బెజవాడ రోడ్డు మీద వేగం ఎక్కువైందని చలానా వచ్చింది. అడిగితే "మీటరులో సున్నా ఉంది గదండీ" అన్నాడు. ఇక ఇంజనాయిలు సంగతి. ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో తలుపు లోపల చీటీ అంటించి ఉంది. అతను రోజూ మీటరు చూసేవాడు. ఆ అంకె రావడానికి ఇంకా మూడొందల పైచిలుకు ఉంది. ఆ మూడొందలు అయిదు నెలలైనా అలాగే ఉన్నాయి.

ఒకరోజు నందివాడలో ఎవరింట్లోనో పెళ్ళికి బంతిలో పరిచే గుడ్డలు కావాలంటే పంపించాను. వరికోతల రోజులు. పదకొండింటికి ఫోను వచ్చింది. "ఇంజను పట్టేసిందండీ. పొలాల మధ్యలో ఆగిపోయింది" అన్నాడు. ట్రాక్టరుకి తాడు కట్టి గుడివాడ మెకానిక్ షెడ్డుకి లాగించారు. నేను బస్సెక్కి వెళ్ళాను.

మెకానిక్ పాతికేళ్ళుగా పాత బండ్లే చూసే మనిషి. ఆయిలు పెట్టె విప్పి లోపల మిగిలింది వేలితో తీసి చూపించాడు. తారు లాగా ఉంది.

"ఆయిలు ఎప్పుడు మార్చారండీ?"

"మీటరు ఆగిపోయింది. డ్రైవరు కేబులు పీకాడు" అన్నాను, అలవాటైన పాఠంలాగా.

అతను డ్యాష్‌బోర్డు కిందికి దూరాడు. నాలాగా టార్చి నోట్లో పెట్టుకోలేదు, అతని చేతికి అక్కడి దారి తెలుసు. కాసేపటికి లోపలినుంచే అడిగాడు.

"ఈ మర చివరిసారి విప్పింది ఎవరండీ?"

"డ్రైవరేగా."

"డ్రైవరు కాదండీ. డ్రైవరు పీకాలంటే బండి కిందికెళ్ళి గేరుబాక్సు దగ్గర లాగుతాడు. ఒక్క క్షణం పని. ఇక్కడ చెయ్యి కూడా పట్టదు. పైగా పీకేవాడు ఇంటికొచ్చే ముందు మళ్ళీ పెట్టేస్తాడు. ఆపేసి తెచ్చి ఓనరుకి చూపిస్తాడా? ఇది పని రానివాళ్ళు విప్పి బిగించారండీ. మర వంకరగా ఎక్కింది, రెండు చుట్లే పట్టింది. కేబులు కొస పలకలుగా ఉంటది. మీటరులో పలకల బొక్కలో సరిగ్గా కూర్చోవాలి. ఇది కూర్చోనేలేదు, పక్కనే ఆనుకుని ఉంది. కేబులు ఇన్నాళ్ళూ తిరుగుతానే ఉంది, మీటరుకే అందలేదు."

అయినా నోరు ఊరుకోలేదు.

"మర మీద నేను గీత గీశాను. తుడిచేశాడు. నేను కళ్ళారా చూశాను."

అతను మీటరంతా ఊడదీసి బయటికి తెచ్చాడు. మరని విడదీయకుండా గొట్టంతో సహా నా చేతిలో పెట్టి, ఎండలోకి తిప్పాడు. "గీత అంటే ఇదేనా అండీ? ఇత్తడికి తుప్పు మరక ఎక్కడిదా అనుకుంటున్నా."

గీత ఉంది. పసుపురంగులో, సన్నగా, మర మీద సగం, గొట్టం మీద సగం. ఎక్కడా విరగలేదు. నేను గీసినప్పటినుంచీ ఆ మరని ఎవరూ తిప్పలేదు.

మా నల్లరంగు కుండలో నల్లగా ఉండదు. మడ్డినీళ్ళలా ఉంటుంది. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద పడితేనే అది నల్లబడుతుంది. కరక్కాయ లేని చోట తుప్పు మరకే మిగులుతుంది. పెడనలో అద్దకం నేర్చుకునే ఎవరికైనా మొదటిరోజు చెప్పే మాట ఇది. నా నోటితో నేనే ఎంతమందికి చెప్పానో. ఆ మాట మరిచిపోయి, పచ్చటి ఇత్తడి మీద పచ్చటి మరకని టార్చి వెలుగులో వెతికి, లేదని తీర్పు చెప్పేశాను. ముల్లు ఆపింది నేను. గీత కనబడకుండా చేసింది నేను. ఆ రెండు సాక్ష్యాలూ నా చేతి పనే.

మెకానిక్‌కి ఇవేవీ తెలియవు పాపం. నేను మీటరు వంక చూస్తూ ఉండిపోతే అది ఎలా పనిచేస్తుందో అడుగుతున్నాననుకున్నాడు. మీటరు వెనక మూత తీసి చూపించాడు. కేబులు తిరిగితే లోపల చిన్న అయస్కాంతం గిర్రున తిరుగుతుంది. దాని చుట్టూ బోర్లించిన అల్యూమినియం గిన్నె ఉంది. ముల్లు ఆ గిన్నెకి అతికించి ఉంది. వెంట్రుకంత స్ప్రింగు ఒకటి ఆ గిన్నెని వెనక్కి పట్టుకుని ఉంది.

"అయస్కాంతం గిన్నెని తాకదండీ. తాకకుండానే లాక్కెళ్ళుద్ది. ఎంత జోరుగా తిరిగితే ముల్లు అంత పైకెళ్ళుద్ది. స్ప్రింగు పట్టుకుని ఉండబట్టి గానీ, లేకపోతే గిన్నె కూడా గిర్రున తిరిగిపోద్ది" అన్నాడు.

పెరుగన్నం కలుపుకుంటూ అన్నయ్య అన్న మాట గుర్తొచ్చింది. ఆయన బాబాయిని చూసింది రెండుసార్లో మూడుసార్లో. నన్ను పట్టుకుని ఆపే స్ప్రింగు నాలో లేకపోయింది, అంతే. అన్నయ్యని తిట్టుకుందామనుకున్నాను గానీ ఆయన మర విప్పమనలేదు.

గుడివాడ నుంచి బందరు, బందరు నుంచి మంగినపూడి ఆటో. బీచి దగ్గర కార్లు నిలబెట్టే చోట బాబాయి కనబడ్డాడు. మెడలో విజిలు, చేతిలో టోకెన్ల కట్ట. వచ్చినవాళ్ళ కార్లు ఎండ తగలని వైపు పెట్టిస్తూ, తలుపులు వేసుకున్నారో లేదో చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళు బండి నడిపిన మనిషికి బండి తాళం ఇచ్చేవాడు లేక, నిలబెట్టిన బండ్లకి కాపలా కాస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి నాకేం హక్కుందని కోపమూ వచ్చింది.

"ఏంటమ్మాయ్, బీచికొచ్చావా?" అన్నాడు.

అక్కడే, టోకెన్లు ఇస్తుండగానే అంతా చెప్పేశాను. మర విప్పింది నేనేనని, గీత సంగతి, కరక్కాయ సంగతి. ఆయన చేతిలో టోకెన్లు సర్దుకుంటూ విన్నాడు. ఆశ్చర్యపోలేదు.

"విప్పింది నువ్వేనని నాకు తెలుసు" అన్నాడు.

"ఎట్టా తెలుసు?"

"మోపిదేవిలో పుస్తకం రాయబోతే అంకె కదల్లేదు. చెయ్యి పెట్టి తడిమి చూశా. వేళ్ళకి పులిసిన బెల్లం వాసన. ఆ కుండ మన షెడ్డులో తప్ప ఎక్కడుంది? బండి అమ్మే ఉద్దేశంతో నువ్వే ఊడదీశావనుకున్నా. అమ్మేవాళ్ళు ఎక్కువ తిరిగినట్టు కనబడకూడదని అట్టాగే చేస్తారు గదా. ఇంటికొచ్చి, పక్కకి పిలిచి, వద్దమ్మాయ్, కొనేవాడు మోసపోతాడు, నాన్నగారి పేరు పోద్ది అని చెబుదామనుకున్నా."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు పదిమందిలో అడిగావు. పదిమందిలో నీ పేరు ఎట్టా చెప్పను?"

ఆయన కూడా నన్ను అనుమానించాడు. కానీ ఆ అనుమానాన్ని నోట్లోనే దాచుకుని, నా పరువు కోసం తన పరువు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. చీర చెంగు నోట్లో కుక్కుకుని అక్కడే నిలబడ్డాను. ఒక కారువాడు టోకెన్ కోసం హారను కొడుతున్నాడు.

రమ్మని బతిమాలాను. చివరికి "వస్తాను. ఒక మాట నువ్వు వినాలి. బండి కదిలే ముందు చెప్తాను" అన్నాడు.

ఇంజను బాగయ్యాక బాబాయి వచ్చాడు. ఆ రోజు అవే బల్లల ముందు, అదే ఎనిమిది మందినీ నిలబెట్టి చెప్పాను. మర విప్పింది నేను, బాబాయి తప్పు ఇసుమంతైనా లేదు అని. అందరూ తలలూపారు. తర్వాత నీళ్ళ కుండ దగ్గర ఒకామె ఇంకొకామెతో అంటుంటే విన్నాను. "పెద్ద మనసు చూడు. ముసలోడి తప్పు తన మీద వేసుకుంది." బందరు కొట్లోనూ అదే వరస. "పోనీలెండి, మీరు క్షమించారు, అదే గొప్ప" అన్నాడు కొట్టాయన. నేను గొంతు చించుకున్నకొద్దీ నా మంచితనం పెరిగింది గానీ బాబాయి మీద మచ్చ పోలేదు. రంగు పోయేదీ పోనిదీ తడిపి రుద్ది కనిపెట్టే మనిషిని, ఈ మరక మీద ఎన్ని నీళ్ళు పోసినా లాభం లేకపోయింది.

బాబాయి చెప్పిన మాట ఇది. పుస్తకం ఇక ఆయన రాయడు. బండి బయల్దేరే ముందు నేనే వచ్చి, మీటరు చూసి, నా చేత్తో రాయాలి. తిరిగొచ్చాక మళ్ళీ నేనే. మొదట్లో నాకు వేసిన శిక్ష అనుకున్నాను. ఇప్పుడు తెలుసు, ఆయనకి అది శిక్ష కాదు, రక్షణ. నా మాటని ఊళ్ళో ఎవరూ నమ్మడం లేదు గాబట్టి నా చేతిరాతనైనా దగ్గర పెట్టుకుంటున్నాడు.

పొద్దున్నే సరుకు ఎక్కించాక బాబాయి స్టీరింగు ముందు కూర్చుని, ఇంజను ఆపి ఎదురుచూస్తాడు. నేను వంటింట్లో ఉన్నా, స్నానానికి వెళ్ళినా ఆగుతాడు. "వద్దు బాబాయ్, నువ్వే రాసెయ్, నేను చూడను" అని వందసార్లు చెప్పాను. ఒప్పుకోడు. నిన్న వాన పడుతోంది. గుమ్మంలోంచే వెళ్ళిరమ్మని చెయ్యి ఊపాను. వ్యాను కదల్లేదు. తలమీద చెంగు కప్పుకుని వెళ్ళేసరికి, తలుపు తీసి, దారానికి కట్టిన పెన్ను నా చేతికిచ్చి, మొహం అటు తిప్పుకుని, "చూసి రాసుకో అమ్మాయ్" అన్నాడు.